పసుపు డబ్బా రాలేదు

ఆ ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా ఆస్పత్రి మెట్లెక్కే పని లేదు. డాక్టరు ఇంట్లోనే ఉంది. పొద్దున్నే టీ తాగుతూ చెయ్యి చాపితే ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి మాత్ర వచ్చి అరచేతిలో పడేది.

"అమ్మాయ్, ఆ రక్తం మాత్రలు అయిపోయాయి. ఇంకో షీటు పడెయ్," అంది అత్తగారు ఆ రోజు కూడా.

అత్తగారు రిటైరైన బస్సు కండక్టరు. వీధి మొత్తానికి ఆమె కండక్టరమ్మే. ఆమె గుసగుసలాడినా రెండు ఇళ్ళ అవతలికి వినిపిస్తుంది.

కోడలు ఒక చెవిలో ఫోన్ పెట్టుకునే బ్యాగు తెరిచి షీటు తీసిచ్చింది. "నీరసం తగ్గిందా అత్తయ్యా?"

"తగ్గకేం! మెట్ల మధ్యలో ఒక స్టాపు పెట్టుకున్నాను, అంతే."

"ఆ స్టాపులో బండి ఎంతసేపు ఆగుతుందేంటమ్మా?" కొడుకు బూట్ల లేసులు కట్టుకుంటూ అడిగాడు.

"డ్రైవరు టీ తాగి, సిగరెట్ కాల్చి, పెళ్ళాంతో ఫోన్లో పోట్లాడి వచ్చేదాకా."

ముగ్గురూ నవ్వారు. అత్తగారు కప్పు ఎత్తినప్పుడు చేతి గడియారం మణికట్టు వదిలేసి మోచేతి దాకా జారింది. ఎవరూ చూడకముందే ఆమె దాన్ని కిందికి లాక్కుంది.

నిజానికి చూడటానికి అక్కడ ఎవరూ లేరు. కొడుకు బూట్ల వైపు చూస్తున్నాడు. కోడలు ఫోన్ వైపు చూస్తోంది.

భార్యాభర్తలిద్దరికీ ఒకే హెల్త్ సెంటర్లో ఉద్యోగం. ఆమె రోగుల్ని చూస్తుంది, అతను కంప్యూటర్లు చూస్తాడు. ఆ సెంటర్లో కాగితపు ఫైళ్ళు పోయి చాలా కాలమైంది. రోగి నంబరు కొడితే పుట్టుపూర్వోత్తరాలన్నీ తెర మీదికి వస్తాయి. ఒక వయసు దాటినవాళ్ళ ఫైలు తెరిస్తే మూలన పసుపు రంగు పెట్టె కూడా లేస్తుంది. 'ఈ వ్యక్తికి పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష జరగలేదు. పంపిస్తారా?' అని అడుగుతుంది. అవుననాలి, లేదా కాదనడానికి కారణం రాయాలి. రెండూ చెయ్యకపోతే మందుల చీటీ రాయనివ్వదు.

సెంటర్లో అందరూ దాన్ని పసుపు డబ్బా అంటారు. మొదట్లో ఒక్కో డాక్టరూ ఒక్కో తిట్టు తిట్టారు. తర్వాత అది ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని క్యాన్సర్ ముదరకముందే పట్టిచ్చింది. తిట్లు ఆగిపోయాయి. దాన్ని పెట్టించిన కంప్యూటర్ మనిషికి ఉద్యోగం పర్మనెంటు అయింది.

ఆ రోజు పదకొండింటికి ఒక పెద్దావిడ వచ్చింది. పాలిపోయిన మొహం, ఆయాసం. పక్కన కూతురు. ఫైలు తెరవగానే పసుపు డబ్బా లేచింది.

"పేగు పరీక్షకి రాస్తున్నాను," అంది డాక్టరమ్మ.

"నాకా పరీక్షలొద్దమ్మా. ఒంట్లో రక్తం తక్కువ, అంతే. మాత్రలివ్వు చాలు," అంది పెద్దావిడ.

"ఆ రక్తం ఎటు పోతోందో చూడాలి కదమ్మా? కుండకి చిల్లి ఉంటే ఎన్ని నీళ్ళు పోస్తే నిండుతుంది?"

కూతురు సూటిగా చూసింది. "మీ ఇంట్లోవాళ్ళకైతే చేయిస్తారా డాక్టర్?"

"తప్పకుండా చేయిస్తాను."

మాట నోరు దాటాక ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. మెట్ల మధ్యలో స్టాపు. రక్తం మాత్రలు. షీటు తర్వాత షీటు. తను ఆ షీట్లు ఎప్పటినుంచి ఇస్తోంది?

ఇంటివాళ్ళ ఫైళ్ళు తెరవకూడదని సెంటర్లో రూలు. ఆ రూలు రాసిన కమిటీలో ఆమె కూడా ఉంది. తల్లీకూతుళ్ళు వెళ్ళగానే తలుపు గడియ వేసి అత్తగారి నంబరు కొట్టింది.

ఫైలు తెరుచుకుంది. పసుపు డబ్బా రాలేదు.

ఒకసారి మూసి మళ్ళీ తెరిచింది. రాలేదు. కిందికి వెళ్ళి చూస్తే కారణం దొరికింది. 'కొలనోస్కోపీ పూర్తి. నార్మల్. తర్వాతి పరీక్ష పదేళ్ళకు.' తేదీ నాలుగేళ్ళ కిందటిది.

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. గొట్టంతో పేగు లోపల చూసే ఆ పరీక్షకి ముందురోజంతా పేగు కడిగే మందు తాగాలి, గంటకోసారి పరిగెత్తాలి. ఒకే బాత్రూమ్ ఉన్న ఇంట్లో ఆ పరీక్ష రహస్యంగా చేయించుకోవడం దేవుడి తరం కూడా కాదు. నాలుగేళ్ళ కిందట తను ఆ ఇంట్లోనే ఉంది. అలాంటి రోజు ఆ ఇంట్లో రాలేదు.

జరగని పరీక్షకి ఫలితం ఎవరు రాశారు?

రాసినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట 'శిక్షణ ఖాతా' అని ఉంది. అది ఎవరిదైనా కావచ్చు. దాని కింద ఇంకో రెండు వరుసలు కనిపించాయి. అత్తగారు ఈమధ్య రెండుసార్లు ఇదే సెంటరుకి వచ్చింది. తన గదికి కాదు. హాలు అవతల, పెద్ద డాక్టరు గదికి. కారణం: మలంలో రక్తం.

పెద్ద డాక్టరు టిఫిన్ బాక్సు మూత తీయబోతూ ఆగాడు. "మీకు చెప్పొద్దని ఒట్టేయించుకుందమ్మా ఆవిడ. కోడలికి పనెక్కువ, కంగారు పెట్టకండి అంది."

"మరి పేగు పరీక్షకి ఎందుకు పంపలేదు సార్?"

"ఎందుకు పంపుతాను? తెర మీద నార్మల్ అని ఉంది. డబ్బా కూడా లేవలేదు. అయినా నోటితో అడిగాను. 'గొట్టం పరీక్ష బాగానే వచ్చిందటగా అమ్మా' అన్నాను. 'అవును బాబూ' అంది. మొలలనుకుని పూతమందు రాశాను." ఆయన ఆమె మొహం చూసి బాక్సు పక్కన పెట్టేశాడు. "ఏమైందమ్మా?"

ఆమె బయటికి నడిచింది. అత్తగారు అవునంది. జరగని పరీక్ష జరిగిందని ఎందుకు చెప్పింది?

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కండక్టరమ్మ సోఫాలో టీవీ ముందు కూర్చుని ఉంది. టీవీలో వార్తలాయన అరుస్తున్నాడు. ఆమె అతనితో పోటీగా అరవకపోవడం కోడలికి మొదటిసారి తెలిసింది. టీవీ కట్టేసింది.

"అత్తయ్యా, మీకు గొట్టం పరీక్ష ఎప్పుడు చేశారు?"

కండక్టరమ్మ రెప్ప వెయ్యలేదు. "ఎప్పుడో చేశార్లే. మీ ఇద్దరూ ఊరెళ్ళినప్పుడు."

"ఎక్కడ?"

"ఆస్పత్రిలోనే. బస్సు డిపోలో చేస్తారా?"

"ముందురోజు ఏం తాగమన్నారు?"

"నీళ్ళు."

"ఉట్టి నీళ్ళేనా?"

"ఏంటమ్మాయ్ ఈ చెకింగు? నేను టికెట్ లేకుండా ఎక్కానా ఈ ఇంట్లో?" గొంతు లేచింది గానీ మధ్యలోనే ఆయాసం వచ్చి తెగిపోయింది.

అప్పుడే తలుపు తీసుకుని కొడుకు లోపలికి వచ్చాడు. "ఏంటి, అత్తాకోడళ్ళ సీరియల్ ఇవాళ తొందరగా మొదలైంది?"

"మీ అమ్మకి రక్తం పోతోంది," అంది డాక్టరమ్మ. "పెద్ద డాక్టరు దగ్గరికి రెండుసార్లు వెళ్ళారు. ఫైల్లో ఎవరో కొలనోస్కోపీ నార్మల్ అని రాసిపెట్టారు. అది చూసి ఆయన వెనక్కి పంపేశాడు. డబ్బా కూడా లేవలేదు. ఎవడు రాశాడో తెలిస్తే చొక్కా పట్టుకుని..."

మాట అక్కడే ఆగిపోయింది. భర్త చేతిలోని బ్యాగు నేల మీద పడింది. అతను భార్య వైపు చూడలేదు. తల్లి వైపు చూస్తున్నాడు.

"ఒరేయ్, నువ్వు లోపలికెళ్ళు," అంది తల్లి గబగబా. "మొహం కడుక్కో. వెళ్ళు."

"అమ్మా... అది నేను తుడవలేదా?"

"వెళ్ళమన్నానా!"

"ఏది తుడవలేదు?" డాక్టరమ్మ గొంతు చాలా మెల్లగా వచ్చింది. "ఏమండీ, ఏది?"

అతను గోడకి జారగిలబడ్డాడు. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. డబ్బా మొదలెట్టే వారం. ట్రయల్ చూడ్డానికి ఉత్తుత్తి ఫైళ్ళు తయారు కాలేదు. పైవాళ్ళు తొందరపెట్టారు. నిజమైన మనిషి ఫైలు కావాలి, ఏమీ అనుకోని మనిషిది కావాలి. అమ్మని అడిగాడు. రాసుకోరా అంది. ఫైలు తెరిస్తే డబ్బా లేస్తోందా? లేచింది. పరీక్ష నార్మల్ అని కొడితే పదేళ్ళు పడుకుంటోందా? పడుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"మర్నాడు తుడిచేద్దామనుకున్నాను. ఆ రాత్రే సర్వర్ పడిపోయింది. మూడు రోజులు దాంతోనే సరిపోయింది. తర్వాత..." అతను తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "తర్వాత మర్చిపోయానమ్మా."

డాక్టరమ్మ అత్తగారి వైపు తిరిగింది. "మీకు తెలుసు. పెద్ద డాక్టరు నార్మల్ అన్నప్పుడే మీకు తెలిసిపోయింది."

"తెలీకేం?" కండక్టరమ్మ నిట్టూర్చింది. "బతుకంతా దొంగ టికెట్లు పట్టినదాన్ని. నా చేతిలో ఉన్నది దొంగ టికెట్టని నాకు తెలీదా?"

"తెలిసీ అవునన్నారా!"

"కాదంటే ఏమయ్యేది? ఎవరు రాశారని అడిగేవాళ్ళు. వీడి ఉద్యోగం పర్మనెంటైంది ఆ డబ్బా మీదే. తల్లి నోటితోనే కొడుకు మెడకి ఉరి బిగించమంటావా?"

"ప్రాణం పోయినా సరేనా?"

"పోతుందని ఎవరన్నారు? పూతమందిచ్చాడుగా. తగ్గుతుందేమో అనుకున్నాను."

"అమ్మా, ఎంత పని చేశావే!" కొడుకు ఏడుస్తూనే భార్య మీదికి తిరిగాడు. అపరాధం మోయలేని మనిషి పక్కవాడి భుజం వెతుక్కున్నట్టు. "నువ్వు డాక్టరువి కదా! రోజూ ఎదురుగా కూర్చుని మాత్రలు ఇచ్చావు. ఒక్కరోజైనా అడిగావా?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. చలికాలంలో ఒక పొద్దున అత్తగారు బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడి, నల్లగా వస్తోందేంటమ్మాయ్ అని అడిగింది. తను ఫోన్లోంచి తలెత్తకుండా, ఐరన్ మాత్రలు వేసుకుంటే అంతే అత్తయ్యా అంది. అది అబద్ధం కాదు. ఆ మాత్రలకి అలాగే అవుతుంది. లోపల కారే రక్తానికీ అలాగే అవుతుంది. ఆ రెండో వాక్యం తను ఆ పొద్దున తలచుకోలేదు.

"అరుపులు ఆపండి," అంది కండక్టరమ్మ. "ఇద్దరూ ఇద్దరే. రోజూ నా ఎదురుగా కూర్చుని తిన్నారు. నా మొహం చూడ్డానికి కూడా కంప్యూటరే కావాలా మీకు?"

కోడలు సోఫాలో అత్తగారి పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని నాడి చూసింది.

"రేపు పొద్దున్నే వెళ్తున్నాం. పరీక్షకి తేదీ తీసుకోవడానికి," అంది. "ఆ ఫైలు నేను ఎలాగోలా సరిచేయిస్తాను. మీ అబ్బాయి పేరు బయటికి రాదు."

తల్లి మొహంలో ఒక్క క్షణం ఊరట కనిపించింది. వెంటనే ఏదో స్ఫురించి కళ్ళు చిన్నవయ్యాయి. కొడుకు గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఒరేయ్. నాకొక్కదానికేనా?"

అతను కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకెంతమందికి ఇచ్చావురా ఈ టికెట్లు?"

"ఐదుగురికి," అన్నాడు. "సెంటర్ వాళ్ళ అమ్మలూ నాన్నలూ, మా పాత వాచ్‌మన్ తాతా. పరవాలేదు రాసుకో అన్నారు... అమ్మా, వాళ్ళవీ తుడిచి ఉండను."

డాక్టరమ్మ మనసులో లెక్క వేసుకుంది. నాలుగేళ్ళుగా ఐదు ఇళ్ళలో ఐదుగురు. ఏ డాక్టరు ఫైలు తెరిచినా తెర మీద నార్మల్. డబ్బా లేవదు. ఇంకో ఆరేళ్ళు లేవదు.

కండక్టరమ్మ కొడుకు గడ్డం వదిలేసింది. "నా ఒక్కదాని సంగతనుకుని మింగేశాను. ఇంకొకళ్ళ అమ్మ సంగతి మింగలేను. పొద్దున నువ్వు సెంటర్లో పెద్దాఫీసరు ముందు నిలబడి చెప్పు. ఆ ఐదుగురికీ నువ్వే ఫోన్ చెయ్యి. అప్పుడే నేను ఆస్పత్రికి కదిలేది."

"అత్తయ్యా, ముందు మీ పరీక్ష! ఒక్కరోజు కూడా..."

"నేనున్న బండిలో కండక్టర్ని నేనే. నేను చెప్పాకే కదుల్తుంది."

మర్నాడు పొద్దున్నే అతను చెప్పేశాడు. పెద్దాఫీసరు అరవలేదు, అదే ఇంకా భయపెట్టింది. విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నాడు. గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి, వరండాలో నిలబడి అతను ఐదు నంబర్లకీ ఫోన్ చేశాడు. ఒకావిడ తిట్టింది. ఒకాయన అర్థంకాక మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. ఒక ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

ఆ వారంలోనే కండక్టరమ్మకి గొట్టం పరీక్ష జరిగింది. పేగు కుడివైపున గడ్డ. ముక్క తీసి పరీక్షకి పంపారు. అనుకున్నదే అయింది, క్యాన్సరే. ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక భార్యాభర్తలు ఒకే బెంచీ మీద రెండు చివర్లలో కూర్చున్నారు. గొడవ జరిగిన సాయంత్రం నుంచి ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచాయి. మందులు తెచ్చారా. తెచ్చాను. అంతే.

సర్జన్ బయటికి వచ్చాడు. "గడ్డ మొత్తం తీసేశాం. పక్కనున్న గ్రంథుల్లోకి పాకిందో లేదో ల్యాబ్ చెప్పాలి. ఇప్పుడే ఏమీ అనలేను."

మూడో రోజుకి కండక్టరమ్మకి కాస్త గొంతు వచ్చింది. ముక్కులో గొట్టం, చేతికి సూది. నీళ్ళడుగుతుందని కొడుకు వంగాడు.

"ఎంతమంది వచ్చార్రా?"

"నలుగురమ్మా. ఇద్దరికి ఏమీ లేదు. ఇద్దరి రిపోర్టులు రావాలి."

"ఐదో మనిషి?"

"పాత వాచ్‌మన్ తాత. ఫోన్ ఎత్తట్లేదు. రోజూ చేస్తూనే ఉన్నాను."

"ఫోన్ ఎత్తకపోతే కాళ్ళు లేవా నీకు?"

అతను తల్లిని వదలలేక మంచం ఊచ పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ లేచింది. కారు తాళాలు తీసుకుంది.

"పదండి. నేను డ్రైవ్ చేస్తాను. మీరు రాత్రంతా నిద్రపోలేదు."

ఆ సాయంత్రం తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మంచి మాట అదే. అతను ఆమె వెనకే నడిచాడు.

ఊరి చివర నాలుగంతస్తుల పాత భవనం. రెండో అంతస్తు. నడవాలో ఒకటే బల్బు, అదీ కొట్టుకుంటోంది. తాత ఇంటి తలుపు ముందు దినపత్రికలు చుట్టలు చుట్టలుగా పడి ఉన్నాయి. ఎవరూ తియ్యలేదు. కిటికీకి తెర దించి ఉంది.

పేపర్లు చూడగానే అతను ఆగిపోయాడు. తలుపు గంట దాకా వెళ్ళిన వేలు వెనక్కి వచ్చింది. "నావల్ల కాదు," అన్నాడు. "లోపల ఎవరూ లేకపోతే? నేను ఆలస్యంగా వచ్చి ఉంటే?"

"ఆలస్యం మీరొక్కరే చేశారా?" అందామె. "నేను బాత్రూమ్ తలుపు దగ్గర చేశాను." ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఇద్దరి వేళ్ళూ కలిసి గంట నొక్కాయి.

ఏ చప్పుడూ లేదు.

మళ్ళీ నొక్కారు. ఎక్కడో కింద ఇంట్లో కుక్కర్ కూత వేసింది. పై అంతస్తులో పాప ఏడుస్తోంది. ఆ తలుపు వెనక మాత్రం నిశ్శబ్దం.

మూడోసారి నొక్కబోతుంటే లోపల కుర్చీ ఈడ్చిన శబ్దం వచ్చింది. తర్వాత దగ్గు. తర్వాత గోడ పట్టుకుని నడుస్తున్న అడుగులు, ఒక్కొక్కటే.

"ఎవరూ? వస్తున్నా. కాస్త ఆగండి, త్వరగా నడవలేను."

అతను తలుపు చట్రానికి నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

గడియ తీసిన చప్పుడు. బాగా చిక్కిపోయిన ముసలాయన, ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, గుర్తుపట్టి నవ్వాడు. "కంప్యూటరు బాబూ! ఫోన్ మోగడం మానేసింది, బాగుచేయించే ఓపిక లేదు. అదేంటి ఏడుస్తున్నావు? అమ్మ బాగుందా?"

"తాతా," అన్నాడు అతను మొహం తుడుచుకోకుండానే. "మీ ఫైల్లో నేనొక అబద్ధం రాశాను."

"అబద్ధమా? ఏం రాశావు?"

"మీకే జబ్బూ లేదని రాశాను."

ముసలాయన నవ్వు అలాగే ఉండిపోయింది. కడుపు మీది చెయ్యి మాత్రం మెల్లగా బిగుసుకుంది.

డాక్టరమ్మ ముందుకొచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "చెప్పులేసుకోండి తాతా. ముందు వెళ్దాం, దారిలో అన్నీ చెప్తాం. కారు కిందే ఉంది."